సమాధుల పండుగ: వారం ముందు గడ్డి పని నుంచి మర్నాటి మైనం దాకా

నవంబరు 2 సాయంత్రం క్రైస్తవుల ఏ సమాధుల తోటకి వెళ్ళినా సగం కుటుంబాలు ఇంకా కుంచెలు పట్టుకునే కనిపిస్తాయి. ఒకరు గడ్డి పీకుతుంటారు, ఇంకొకరు తడి సున్నం మీదే బంతిపూలు పేర్చేస్తుంటారు. గురువులు (చర్చి ఫాదర్లు) తీర్థం చల్లుకుంటూ వరసలోకి వచ్చేసరికి ఇంటిపెద్ద నీళ్ళ కోసం బోరింగు దగ్గర ఉంటాడు. అది పోయినవాళ్ళ దగ్గర కాసేపు కూర్చోవడానికి ఉన్న రోజు. చాకిరీ అంతా అంతకుముందు వారంలోనే తెమిలిపోవాలి. కింద రాసిందంతా ఆ లెక్క ప్రకారమే.

ముందు తేదీ సంగతి చూడండి. కతోలికులకి నవంబరు 1 సకల పునీతుల పండుగ, 2 మృతుల స్మరణ దినం. 2వ తేదీ ఆదివారం పడినా ముందుకీ వెనక్కీ జరపరు. 2025లో అలాగే ఆదివారం వచ్చింది, 2026లో సోమవారం. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు లాంటి ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఊరిని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల నవంబరు 2నే వెళ్తారు, చాలాచోట్ల ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో సమాధుల దగ్గర ఆరాధన చేస్తారు, రెండూ చేసే కుటుంబాలూ ఉన్నాయి. ఎప్పుడు వెళ్ళినా పని ఒకటే. తేడా అల్లా వాన దగ్గరే. ఈస్టరు నాటికి నేల ఎండిపోయి ఉంటుంది. అక్టోబరు చివర మాత్రం ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు, తిరుపతి వైపు వానలు జోరుగా ఉంటాయి, మిగతా కోస్తాకి తుపాను భయం ఉంటుంది. అందుకే చివరి రెండు రోజులకి ఏ తడి పనీ మిగల్చకండి.

పది రోజుల ముందు: ఒకసారి చూసి రండి

ఖాళీ చేతులతో వెళ్ళినా ఫరవాలేదు, ఒక టేపు మాత్రం పట్టుకెళ్ళండి. సమాధి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఫోనులో రాసుకోండి. పెద్దవాళ్ళ సమాధి మామూలుగా 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటుంది. సున్నం, పూలు, కొవ్వొత్తులు అన్నీ ఈ కొలతల మీదే లెక్క కట్టుకోవచ్చు. నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి. పగుళ్ళు ఎక్కడున్నాయి, రాయి ఏమిటి, అక్షరాలు ఎంత చెరిగాయి అన్నది ఇంటికొచ్చి నిదానంగా చూసుకోవచ్చు. తోటలో కుళాయి పనిచేస్తోందో లేదో తిప్పి చూడండి. పండుగ రోజుల్లో దాని దగ్గర బారు ఉంటుంది, లేదా అసలు నీళ్ళే రావు. ఒక సమాధి కడిగి, తడిపి, సున్నం కొట్టడానికి 40 లీటర్లు పడతాయి కాబట్టి రెండు 20 లీటర్ల క్యాన్లు ఇంటి నుంచి తెచ్చుకోవడమే మేలు.

సమాధి ఎక్కడుందో మర్చిపోయినవాళ్ళు చాలామందే ఉంటారు, సిగ్గుపడాల్సిన పని లేదు. పదేళ్ళలో తోట రూపు మారిపోతుంది. గుడి (చర్చి) ఆఫీసులో సమాధుల రిజిస్టరు ఉంటుంది. అందులో పేర్లు పూడ్చిన తేదీ వరసలో రాసి ఉంటాయి కాబట్టి, కనీసం ఏ సంవత్సరం ఏ నెలో తెలిస్తేనే వెతకగలరు. తేదీ దొరికాక దానికి ముందు రోజుల్లో, తర్వాతి రోజుల్లో పూడ్చినవాళ్ళ పేర్లు కూడా రాసుకోండి. మీ సమాధి మీద పేరు చెరిగిపోయినా పక్కవాళ్ళది నిలిచి ఉండొచ్చు. దొరికిన వెంటనే ఫోనులో లొకేషన్ సేవ్ చేసి కుటుంబం గ్రూపులో పెట్టండి. వచ్చే ఏడాది మీకు కుదరకపోతే తమ్ముడైనా చూసుకుంటాడు.

ఎంత వెతికినా దొరక్కపోతే? కతోలికుల తోటల్లో మధ్యలో ఒక పెద్ద సిలువ ఉంటుంది. ఆనవాలు లేనివాళ్ళందరి కోసం అక్కడే కొవ్వొత్తి వెలిగిస్తారు. నగరాల్లో చోటు చాలక అదే గోతిని కొన్నేళ్ళకి మళ్ళీ తెరవడం మామూలే. మీ తాతగారి చోట ఇంకొకరి పేరు కనిపిస్తే అక్కడే గొడవకి దిగకుండా ఆఫీసులో రిజిస్టరు అడగండి.

తోట చూసుకునే మనిషితో కూడా ఆ రోజే మాట్లాడుకోండి. గడ్డి తీయడానికి ఎంత, సున్నం కొట్టడానికి ఎంత, సున్నం ఎవరిది అన్నవి విడివిడిగా తేల్చుకోవాలి. 1వ తేదీన అడిగితే రేటు రెట్టింపు చెప్తాడు. అందులో అతని తప్పేమీ లేదు, ఆ రోజు వందమంది అతన్నే అడుగుతుంటారు.

వారం ముందు: గడ్డి, పొదలు

పొద్దున్నే వెళ్ళండి, తొమ్మిది దాటితే ఎండకి నిలవలేరు. కొడవలి, చిన్న పార, తోలు చేతి తొడుగులు, నిండు బూట్లు, పొడుగు కర్ర తీసుకెళ్ళండి. చెప్పులతో గడ్డిలోకి దిగొద్దు. ముందు కర్రతో గడ్డిని కొడుతూ, సమాధి చుట్టూ నేలమీద తడుతూ ఒక చుట్టు తిరగండి. పాత సమాధుల పగుళ్ళలో, పందికొక్కుల బొరియల్లో పాములుంటాయి, పడిపోయిన పలకల కింద తేళ్ళు ఉంటాయి. పలకను ఎత్తాల్సి వస్తే మీకు అవతలి అంచును గునపంతో లేపండి. అప్పుడు లోపలున్నది బయటికొచ్చినా అటు పోతుంది. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. తుప్పు పట్టిన గ్రిల్లు గీసుకుంటే అదే రోజు టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరుని అడగండి. చెట్టు కింది సమాధి అయితే ఒకసారి తలెత్తి చూడండి. తేనెతుట్టె ఉంటే పండుగ రోజు అక్కడ సాంబ్రాణి పొగ పెట్టకూడదు.

తోటల్లో ఎక్కువగా కనిపించేది వయ్యారిభామ. దాని రసం, పుప్పొడి కొందరికి దురద, దద్దుర్లు, ఆయాసం తెస్తాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పూత రాకముందే వేళ్ళతో సహా పీకండి. వాన పడిన మర్నాడైతే చేత్తోనే వచ్చేస్తుంది. తుంగ మాత్రం పైన కోస్తే పది రోజుల్లో మళ్ళీ లేస్తుంది, కింద గడ్డ తవ్వి తీయాలి. సర్కారు తుమ్మ కొమ్మలు కోసినప్పుడు ముళ్ళన్నీ ఏరి ఒకచోట వేయండి. పండుగ నాడు పిల్లలు వట్టికాళ్ళతో తిరుగుతారు.

అన్నిటికంటే చెడ్డది రావి మొలక. సిలువ మొదట్లో పగులులో రెండాకులతో ముద్దుగా ఉంటుంది, మూడేళ్ళకి సమాధిని రెండుగా చీలుస్తుంది. దాన్ని పట్టి లాగితే పైది తెగి వేరు లోపలే ఉండిపోతుంది, మళ్ళీ మొలుస్తుంది. ఉలితో చుట్టూ ఉన్న సిమెంటు కొద్దిగా రాల్చి, వేరు పూర్తిగా కనిపించేదాకా తవ్వి తీయండి. ఆ సందుని తడిపి, ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక కలిపిన మాలుతో నింపండి. వేరు చచ్చిపోవాలని ఉప్పు పోసేవాళ్ళున్నారు. ఆ ఉప్పు సిమెంటులోకి దిగి, ప్రతి వానాకాలం తెల్లగా పొంగి సున్నాన్ని రాల్చేస్తుంది. కిరోసిన్ అసలే వద్దు, వారం తిరిగేసరికి అక్కడే కొవ్వొత్తులు వెలుగుతాయి. గడ్డిమందు కొట్టడం కూడా తెలివైన పని అనిపించుకోదు. గడ్డి చచ్చి నిలువునా ఎండిపోతుంది, పండుగ రాత్రికి అదే నిప్పంటుకునే సరుకు అవుతుంది. కోసిన గడ్డిని పక్క సమాధి మీద కుప్ప పోసి రావడం మాత్రం ఎవరికీ మర్యాద అనిపించుకోదు. బయట చెత్తబండి వచ్చేచోట వేయండి.

ఈ ఏడాదిలోనే పోయినవాళ్ళ మట్టి సమాధి అయితే వానలకి కుంగి ఉంటుంది. కంగారు పడకండి, పూడ్చిన మట్టి సర్దుకోవడం మామూలే. నాలుగైదు తట్టల మట్టి పోసి, కొద్దిగా నీళ్ళు చల్లి, పార వెనకవైపుతో తట్టి మెరక చేయండి. మొదటి పండుగకే పక్కాగా కట్టించాలని చాలామంది తొందరపడతారు. ఒక వానాకాలం పూర్తిగా గడవకుండా కడితే కింద నేల దిగి, ఆరు నెలల్లో పైన గ్రానైటు అడ్డంగా పగులుతుంది. మొదటి ఏడాదికి మట్టి మెరక, పేరు రాసిన చెక్క సిలువ చాలు. తర్వాతైనా గుడి కమిటీ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే మేస్త్రీని పిలవండి. కొన్ని తోటల్లో పక్కా కట్టడాలకి అనుమతే లేదు.

ఐదు రోజుల ముందు: కడగడం

మీ సమాధి ఏ రాయితో కట్టిందో తెలుసుకోకుండా కడగొద్దు. చెడిపోయేదంతా ఇక్కడే చెడిపోతుంది. పాలరాయి, షాబాదు బండ, కడప బండ, బేతంచెర్ల రాయి అన్నీ సున్నపురాయి జాతివే. వీటి మీద బాత్రూము యాసిడ్ పోస్తే నురగ పొంగుతుంది. మురికి పోయిందని మీరు సంతోషిస్తారు గానీ, ఆ నురగతో పోయింది రాయి పైపొర. మెరుపు పోయి గరుకుతేలుతుంది, ఆ గరుకులో వచ్చే ఏడాది పాచి రెండింతలు పడుతుంది. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ కూడా పులుపే కదా, అదే పని కొంచెం నెమ్మదిగా చేస్తాయి. గ్రానైటు తట్టుకుంటుంది అంటారు. రాయి తట్టుకున్నా అక్షరాల్లోని బంగారు రంగు, పలకల సందుల్లోని సిమెంటు తట్టుకోవు. బ్లీచింగు పౌడరు కూడా ఆ సందుల్లో ఉప్పుగా మిగిలిపోతుంది.

మెత్తటి నైలాన్ బ్రష్షు, నీళ్ళు, బకెట్టుకి ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ ఉంటే సరిపోతుంది. రాయిని ముందు బాగా తడిపి పది నిమిషాలు వదిలేయండి, పాచి మెత్తబడుతుంది. కింది నుంచి పైకి తోముకుంటూ రండి. పైనుంచి మొదలుపెడితే మురికినీళ్ళు పొడి రాయి మీద చారలు కట్టి ఇంకిపోతాయి. తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి, సబ్బు మిగిలితే దుమ్ము పట్టేస్తుంది. ఇనుప పీచు వాడొద్దు, దాని తునకలు రాయిలో ఇరుక్కుని తుప్పు మచ్చలవుతాయి. ఎర్రటి ఎండలో కాలిన గ్రానైటు మీద చన్నీళ్ళు గుమ్మరించడం కూడా మంచిది కాదు, పాత పగుళ్ళు పెద్దవవుతాయి.

పోయిన ఏడాది మైనం ఇంకా అంటుకుని ఉంటే పాత ఏటీఎం కార్డుతో గీకండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా ఊడొస్తుంది. చాకు పెడితే గీతలు పడతాయి. మిగిలిన జిడ్డు మీద పాత న్యూస్‌పేపరు పరిచి, దాని మీద వేడినీళ్ళ సీసా ఆనిస్తే కాగితం పీల్చేస్తుంది.

నాలుగు రోజుల ముందు: సున్నం

ఇది సిమెంటు, ఇటుక సమాధులకి మాత్రమే. రాతి పలకల మీద సున్నం కొట్టొద్దు.

7 అడుగుల సమాధికి రెండు పూతలకి కిలో సున్నం, 5 లీటర్ల నీళ్ళు సరిపోతాయి. పొడి సున్నమైనా ముద్ద సున్నమైనా (ఇంకా నీళ్ళు తగలని సున్నపు గడ్డలు) ముందు రాత్రే నానబెట్టాలి. ముద్ద సున్నమైతే ఇనుప బకెట్టులో నీళ్ళు పోసి, అందులో సున్నం కొద్దికొద్దిగా వేయండి. సున్నం మీద నీళ్ళు పోస్తే బుసబుసా ఉడికి మొహం మీదికి చిమ్ముతుంది. పల్చటి ప్లాస్టిక్ బకెట్టు ఆ వేడికి వంగిపోతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. కంట్లో పడితే నలపకుండా, రెప్ప తెరిచి కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

పొద్దున్నే పల్చటి పాత పంచెతో వడకట్టండి. 30 గ్రాముల తుమ్మబంక వేడినీళ్ళలో కరిగించి కలిపితే ఆరాక చేతికి, బట్టలకి అంటదు. చిటికెడు నీలిమందు వేస్తే పసుపుజీర రాకుండా తెల్లగా తేలుతుంది. ఎక్కువైతే సమాధి నీలంగా ఉంటుంది, జాగ్రత్త.

పాత సున్నం పెచ్చుల్ని గీకండి. గోడని నీళ్ళతో తడిపి, తడి మెరుపు పోయాక మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా వేయండి. అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు సున్నం నీళ్ళలా కనిపిస్తుంది, కింద మరకలన్నీ తెలుస్తాయి. అది చూసి పల్చగా ఉందనుకుని చిక్కగా కలిపి దట్టంగా పట్టిస్తారు. సున్నం ఆరేకొద్దీ తెల్లబడుతుంది, దట్టంగా వేసింది మాత్రం వారంలో పొరలుగా లేస్తుంది. పాల చిక్కదనం చాలు. వేశాక ఒక రోజంతా వాన పడకూడదు. మబ్బుగా ఉంటే టార్పాలిన్ సమాధికి తగలకుండా నాలుగు కర్రల మీద కట్టండి.

పక్కన గ్రానైటు పేరు పలక ఉంటే ముందే కాగితం అంటించండి. చుక్క పడితే పచ్చిగా ఉండగానే తడిగుడ్డతో తుడవాలి. సున్నం మీద ప్లాస్టిక్ పెయింట్ వేయించాలని ఎవరైనా సలహా ఇస్తే, పాత సున్నం మొత్తం గీకించి ప్రైమర్ కొట్టే ఓపిక ఉందో లేదో చూసుకోండి. పొడి రాలే సున్నం మీద అది నిలవదు, పొరలా ఊడొస్తుంది.

గ్రిల్లు, ఇనుప సిలువ ఉంటే గరుకు కాగితంతో తుప్పు రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, మర్నాడు ఎనామెల్ వేయండి.

అక్షరాలు చివర దిద్దాలి. చెక్కిన అక్షరాలకి నలుపు ఎనామెల్, 1వ నంబరు బ్రష్షు సరిపోతాయి. పెయింట్ డబ్బాలో బ్రష్షు మూడో వంతు మాత్రమే ముంచండి. గాడి దాటిన రంగుని టర్పెంటైన్ తడిపిన గుడ్డ వేలికి చుట్టి అప్పటికప్పుడే తుడవండి. చెరిగిపోయిన అంకెల్ని ఊహించి దిద్దొద్దు. 3ని 8 చేసిన సమాధులు ప్రతి తోటలోనూ ఉన్నాయి, తర్వాత మనవలు అదే నిజమనుకుంటారు. రిజిస్టరులో తేదీ చూసుకుని దిద్దండి. ఎనామెల్ గట్టిపడటానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది.

1వ తేదీ: సామాను

పూలకి ఆ వారం గిరాకీ ఎక్కువ. దీపావళి, కార్తీక మాసం పూజలు కూడా ఈ తేదీకి అటూఇటూగానే పడతాయి. హైదరాబాదువాళ్ళు గుడిమల్కాపూర్, గోదావరి జిల్లాలవాళ్ళు కడియపులంక మార్కెట్టులో విడిపూలు కొనుక్కుంటే దండల కంటే చవకగా తెమిలిపోతుంది. 7 అడుగుల సమాధికి చుట్టూ 20 అడుగుల అంచు వస్తుంది. ఒక వరస బంతిపూలకి కిలో, మధ్యలో సిలువ గుర్తుకి ఇంకో అరకిలో, పైన చల్లడానికి పావుకిలో గులాబీ రేకులు చాలు. సిలువ దగ్గర నాలుగు లిల్లీ కొమ్మలు పెడితే వాసన కూడా ఉంటుంది. బంతిపూల తడి తెల్ల సున్నం మీద పసుపు మరక వదులుతుంది, కాబట్టి కింద అరటాకు చీలికలు పరచండి. రంగు కాగితం పూలు మంచుకి కారిపోతాయి, ఎర్ర చారలు ఏడాదంతా ఉంటాయి. ప్లాస్టిక్ దండలు నెల తిరిగేసరికి వెలిసిపోయి, తోటంతా చెత్తగా కనిపిస్తాయి.

కొవ్వొత్తులు అడుగుకి ఒకటి చొప్పున 20, సిలువ దగ్గరికి 3 పెద్దవి, గాలికి ఆరేవాటి కోసం ఇంకో పది తీసుకోండి. సన్నవి గంట, గంటన్నర మించి నిలవవు. రాత్రిదాకా వెలుగు కావాలంటే నూనె ప్రమిదలే నయం. కొవ్వొత్తుల్ని రాయి మీద నేరుగా మైనం కార్చి నిలబెట్టొద్దు. కొబ్బరి చిప్పల్లో తడి ఇసుక నింపి అందులో గుచ్చండి. మైనం ఇసుకలోనే పడుతుంది, తర్వాత గీకే పని ఉండదు. గాలికి అడ్డంగా కోసిన ప్లాస్టిక్ సీసాలు పెట్టేవాళ్ళున్నారు. అవి కరిగి అంటుకుంటాయి, గాజు గ్లాసులు పెట్టండి.

సంచిలో ఇంకా ఉండాల్సినవి: రెండు అగ్గిపెట్టెలు, టార్చి, తాగే నీళ్ళు, పెద్దవాళ్ళకి మడత కుర్చీ, దోమల మందు, చెత్తకి ఒక గోనెసంచి, దానం కోసం చిల్లర.

కతోలికులైతే పూజలో (మాస్‌లో) చదివించాల్సిన పేర్లు నాలుగైదు రోజుల ముందే విచారణ (పారిష్) ఆఫీసులో ఇవ్వండి. ఆ రోజు గేటు దగ్గర చీటీ ఇస్తే కట్టలో అడుగున పడుతుంది. ఇంటిపేరు, జ్ఞానస్నానం (బాప్తిస్మం) పేరు విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాయాలి. మృతుల స్మరణ దినాన ప్రతి గురువూ మూడు పూజలు చెప్పవచ్చని 1915లో పదిహేనవ బెనెడిక్ట్ పోపుగారు అనుమతిచ్చారు. అందువల్ల పొద్దుటి పూజ తప్పినా గుడిలోనో, తోటలోనో ఇంకో పూజ దొరకొచ్చు, వేళలు ముందే కనుక్కోండి.

2వ తేదీ: తోటలో

నాలుగు గంటలకల్లా చేరండి. కోస్తాలో 5:30 ప్రాంతంలో, హైదరాబాదులో 5:45 లోపే పొద్దు గుంకుతుంది. ఆ తర్వాత సమాధుల మధ్య నడవడం కష్టం. బండి గేటుకి దూరంగా పెట్టండి, లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు గంట ఇరుక్కుంటారు. నడిచేటప్పుడు సమాధుల మీదుగా దాటకుండా సందుల్లోంచి వెళ్ళండి. మట్టి సమాధులు చీకట్లో కనపడవు, చిన్నపిల్లలవైతే మరీను.

ముందు పూలు పేర్చి, తర్వాత కొవ్వొత్తులు గుచ్చి, గురువులు మీ వరస మొదట్లోకి వచ్చినప్పుడు వెలిగించండి. మొదటే వెలిగిస్తే ఆయన వచ్చేసరికి సగం ఆరిపోయి ఉంటాయి. గాలి వచ్చే వైపు నుంచి కాకుండా గాలి పోయే వైపు చివరి నుంచి వెలిగించుకుంటూ రండి. అప్పుడు మంట మీ చేతి మీదికి, కొంగు మీదికి రాదు. సిల్కు, నైలాన్ చీరలు, చున్నీలు ఈ రోజుకి వద్దు. కొంగు నడుముకి చెక్కుకోండి, ఒక బకెట్టు నీళ్ళు పక్కన ఉంచుకోండి. కాలితే చల్లటి నీళ్ళ ధార కింద 20 నిమిషాలు పెట్టడమే మందు. పేస్టు, సిరా, పసుపు రాయొద్దు.

తీర్థం చల్లేటప్పుడు ఇంట్లో వాళ్ళంతా సమాధి దగ్గర నిలబడితే, అడిగినవాళ్ళకి గురువులు పేరు పలికి జపిస్తారు. వందల సమాధులుంటాయి కాబట్టి పెద్ద ప్రార్థన చెప్పమని ఆపొద్దు. ఆయన వెళ్ళాక మీరే పరలోక జపం, మంగళవార్త జపం, ఓపిక ఉంటే జపమాల చెప్పుకోండి. ఉత్తరించు స్థలంలోని (మోక్షానికి ముందు శుద్ధి పొందే చోటి) ఆత్మల కోసం పరిపూర్ణ ఫలం (పాపాలకి పడే శిక్ష పూర్తిగా తొలగే వరం) ఆశించేవాళ్ళకి నవంబరు 1 నుంచి 8 దాకా సమాధుల తోటని దర్శించి మృతుల కోసం ప్రార్థించే అవకాశం ఉంది. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవడం, పోపుగారి ఉద్దేశాల కోసం ప్రార్థన దానికి జతగా ఉండాలి. అంటే 2వ తేదీనే తోసుకోనక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మని 5వ తేదీ పొద్దున తీసుకెళ్తే ఆమె ప్రశాంతంగా కూర్చోగలదు.

ప్రొటెస్టెంట్ సంఘాల్లో మృతుల కోసం ప్రార్థించరు, వాళ్ళ జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెల్లిస్తారు. పెళ్ళిళ్ళ వల్ల ఒకే కుటుంబంలో రెండు పద్ధతులూ ఉండటం మనవైపు మామూలే. సమాధి దగ్గర ఆ వాదన పెట్టుకోవద్దు. ఒకరు జపమాల చెప్పుకుంటుంటే రెండోవాళ్ళు మౌనంగా ఉంటే సరిపోతుంది. పాస్టరుగారు వచ్చి వాక్యం చెప్తే అందరూ వినొచ్చు.

మరి కూర్చుని ఏం చేయాలి? చాలామందికి ఇదే తోచదు. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టి ఈ సమాధి ఎవరిది, నీకు ఏమవుతారు, ఏ పని చేసేవారు, దేనికి నవ్వేవారు అన్నది చెప్పండి. పేరు పలకమనండి, అక్షరాలు చదవమనండి. ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళ చేత ఒక్క సంగతైనా చెప్పించి ఫోనులో రికార్డు చేసుకోండి. మొదటి ఏడాది వచ్చినవాళ్ళకి మాటలు రాకపోవచ్చు, వాళ్ళని మాట్లాడమని బలవంతపెట్టొద్దు. నీళ్ళిచ్చి పక్కన ఉండండి, పొద్దుటి నుంచి ఏమీ తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఫోటోలు తీసుకోండి గానీ, పక్క సమాధి దగ్గర ఏడుస్తున్నవాళ్ళు మీ వీడియోలో పడకుండా చూసుకోండి. రీల్సు కోసం డ్రోన్ ఎగరేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది.

స్నేహితుడి సమాధికి వెళ్తుంటే ముందుగా వాళ్ళింటికి ఫోన్ చేసి చెప్పండి. ఒక కొవ్వొత్తి, కొన్ని పూలు చాలు. వాళ్ళు పేర్చిన అలంకారం కదిలించకుండా పాదాల వైపు పెట్టండి. మీరు క్రైస్తవులు కాకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అందరూ నిలబడ్డప్పుడు నిలబడితే చాలు.

పోయినవాళ్ళకి ఇష్టమైన తిండి సమాధి మీద పెట్టే అలవాటు కొన్ని కుటుంబాల్లో ఉంది. గురువులు వద్దంటారు. వాళ్ళ మాట పక్కన పెట్టినా, మీరు గేటు దాటకముందే కుక్కలు పూలన్నీ చిందరవందర చేస్తాయి. అదే వంటని పొట్లాలు కట్టి, గేటు బయట కూర్చున్న ముసలివాళ్ళకి, పోయినవాళ్ళ పేరు చెప్పి పంచండి.

వెళ్ళే ముందు అంచున ఉన్న కొవ్వొత్తులు, ఎండుగడ్డికి దగ్గరగా ఉన్నవి ఆర్పేయండి. ఇసుక చిప్పల్లో మధ్యలో ఉన్నవి ఉండనివ్వొచ్చు.

మర్నాడు, ఆ తర్వాత

3వ తేదీ పొద్దున ఒక్కరు వెళ్ళినా చాలు. వాడిన పూలు అలాగే వదిలేస్తే వానకి కుళ్ళి సున్నం మీద నల్ల మచ్చలు పడతాయి. పూలు, అరటాకులు ఒకవైపు, అగ్గిపెట్టెలు, కవర్లు ఇంకోవైపు వేరు చేయండి. చిప్పల్లోని మైనం ముక్కలు తోట మనిషికిస్తే కరిగించుకుంటాడు. పగుళ్ళు, ఊడిన పలక లాంటివి కనిపిస్తే ఫోటో తీసి, మేస్త్రీ పని వేసవిలో పెట్టుకోండి.

ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు తోట మనిషికి డబ్బు పంపేటప్పుడు సగం ముందు, సగం పని అయ్యాక ఇవ్వండి. గడ్డి తీయకముందు ఒకటి, తీశాక ఒకటి, పేరు కనిపించేలా ఫోటోలు అడగండి. పేరు లేకుండా పంపితే అది ఎవరి సమాధో తెలియదు. అమెరికాలోనో ఇంగ్లండులోనో మనవాళ్ళని పూడ్చినచోట నిబంధనలు వేరు. చాలాచోట్ల నిప్పు వెలిగించనివ్వరు, పెట్టిన పూలు ఫలానా రోజున తీసేస్తామని గేటు దగ్గరే బోర్డు ఉంటుంది. బ్యాటరీ కొవ్వొత్తులు తీసుకెళ్ళండి, వెళ్ళేముందు ఆఫీసుకి ఒక ఫోన్ చేయండి.

ఈస్టరుకి కూడా వెళ్ళేవాళ్ళు అప్పటికి సున్నం మళ్ళీ కొట్టనక్కర్లేదు. నవంబరులో పల్చగా రెండు పూతలు సరిగ్గా పడితే ఏప్రిల్ దాకా నిలుస్తుంది. ముందురోజు సాయంత్రం ఊడ్చి, గడ్డి ఏరి, ఇసుక చిప్పలు సర్ది ఉంచండి. తెల్లవారుజామున చీకట్లో చేయగలిగింది కొవ్వొత్తి వెలిగించడం ఒక్కటే.